గ్రూప్ థెరపీతో పాటు ఫోన్‌లో స్కిల్స్ ప్రోగ్రామ్: రెండిటినీ మీరు ఎలా కలుపుతున్నారు?

బుధవారం గ్రూప్ (కౌన్సెలర్)

అందరికీ నమస్కారం. మద్యం, ఇతర మత్తుపదార్థాల నుంచి బయటపడుతున్నవాళ్ళకి నేను వారానికోసారి గంటన్నర గ్రూప్ నడుపుతాను. మా సెంటర్‌లో ఈమధ్య దానికి తోడు ఒక డిజిటల్ ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. చిన్న చిన్న వీడియోలు, వాటి వెంట అభ్యాసాలు, తాగాలనిపించినప్పుడు రాసుకునే డైరీ, ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టుకునే ప్లాన్. ఇంతే.

మొదట్లో అందరూ ఉత్సాహంగా చేస్తారు. కొన్ని వారాలకి చాలామంది తెరవడం మానేస్తారు. అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. చేస్తున్నవాళ్ళు చేసింది కూడా ఫోన్‌లోనే ఉండిపోతోంది. మంగళవారం రాత్రి ఒకతను ఎంత కష్టంగా గడిపి ఏం రాసుకున్నాడో, బుధవారం పక్క కుర్చీలో కూర్చున్నవాడికి తెలియదు. గ్రూప్‌లో మాట ఎటో వెళ్ళిపోతుంది.

ఏ యాప్ మంచిదని నేను అడగడం లేదు. అందులో నేర్చుకున్నదాన్ని గ్రూప్‌లోకి ఎలా తెస్తున్నారో చెప్పండి. నడిపేవాళ్ళు, వచ్చి కూర్చునేవాళ్ళు, ఇంట్లోవాళ్ళు ఎవరైనా సరే.

పాతకాపు

మేడమ్, నాకు ఈ ప్రోగ్రామ్‌ల మీద పెద్దగా నమ్మకం లేదు. నేను తాగుడు మానింది మనుషుల మధ్య కూర్చుని. నేను అబద్ధం చెబుతుంటే ఎదురుగా ఉన్నవాడు ఏమీ అనకుండా నా కళ్ళలోకి చూసేవాడు, అంతే, నోరు ఆగిపోయేది. ఫోన్ అలా చూడలేదు. దానికి ఏం రాసినా ఒప్పుకుంటుంది.

నా భయం ఇదీ. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు "ఈ వారం మాడ్యూల్ పూర్తిచేశానన్నా" అని గ్రూప్‌కి ఎగ్గొడతారు. చేశామన్న తృప్తి మిగులుతుంది, మనిషి మాత్రం గదిలో ఒంటరిగానే ఉంటాడు. ఈ జబ్బు పెరిగేదే ఒంటరితనంలో.

వార్డు డాక్టర్

పాతకాపు గారి భయం నిజమైనదే. అందుకే ఈ ప్రోగ్రామ్‌లని ఎలా పరీక్షించారో చెబుతాను.

యేల్ యూనివర్సిటీలో కేథలీన్ కారల్ బృందం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలని, అలవాట్లని గమనించి మార్చుకోవడం నేర్పే చికిత్స) నైపుణ్యాలని కంప్యూటర్‌లో నేర్పే ప్రోగ్రామ్ తయారుచేసింది. 2008లో వచ్చిన వాళ్ళ మొదటి పరిశోధనలో 77 మంది ఉన్నారు. అందరికీ మామూలు చికిత్స జరిగింది. కొందరికి దానికి తోడు ఈ ప్రోగ్రామ్ ఇచ్చారు. వాళ్ళ మూత్ర పరీక్షల్లో మత్తుపదార్థాలు కనబడటం తగ్గింది. ఇంటి దగ్గర చెయ్యమన్న అభ్యాసాలు ఎక్కువగా పూర్తిచేసినవాళ్ళకి ఫలితం ఇంకా బాగుంది. అంటే ఫలితం చూడటంలో కన్నా చెయ్యడంలో ఉంది.

2014లో అమెరికాలో పది సెంటర్లలో 507 మందితో పన్నెండు వారాల పరిశోధన జరిగింది. అక్కడ వారానికి సుమారు రెండు గంటల కౌన్సెలింగ్ స్థానంలో కంప్యూటర్ పాఠాలు పెట్టారు. మానేసేవాళ్ళు తగ్గారు, మత్తుకు దూరంగా ఉన్నవాళ్ళు పెరిగారు. కాకపోతే పాఠాలు పూర్తిచేసినందుకు, పరీక్షలో ఏమీ లేదని తేలినందుకు బహుమతులు కూడా ఇచ్చారు. కాబట్టి ఘనత అంతా పాఠాలదే అనలేం.

అదే ఏడాది మరో పరిశోధనలో, మద్యానికి చికిత్స తీసుకుని సెంటర్ నుంచి ఇంటికి వెళ్తున్న 349 మందిని తీసుకున్నారు. కొందరికి ఎ-చెస్ అనే యాప్ ఉన్న ఫోన్ ఎనిమిది నెలలు ఇచ్చారు. ప్రమాదకరంగా తాగిన రోజులు నెలకి సగటున వాళ్ళలో 1.39, మిగతావాళ్ళలో 2.75.

మనిషి లేకుండా యంత్రం ఒక్కటే చాలని వీటిలో ఏదీ చెప్పలేదు. మరోపక్క, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష 27 పరిశోధనలు, 10,565 మంది వివరాలు పరిశీలించి, పూర్తిగా మానేసి ఉండటంలో తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరికొకరు సాయం చేసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపుల్లోకి మనుషుల్ని చేర్చే చికిత్సలు మిగతా చికిత్సల కన్నా మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. కాబట్టి పాతకాపు గారూ, మీ కుర్చీలు ఎక్కడికీ పోవు.

చదువుతున్నవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు యాప్ పెట్టుకుని ఒక్కసారిగా ఆపేయకండి. ఆపిన 6 నుంచి 48 గంటల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, వణుకుతూ, లేనివి కనిపించే స్థితి రావచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టర్ని కలవండి. హెరాయిన్ లాంటివి వాడి మానేసినవాళ్ళు మళ్ళీ పాత మోతాదు తీసుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోవచ్చు. ఈ రెండు విషయాలూ గ్రూప్‌లోనూ యాప్‌లోనూ పదేపదే చెప్పాలి.

నిద్రపట్టనోడు

మేడమ్, నేను గ్రూప్‌లో కూర్చునేవాణ్ణి. నా పేరే నా సమస్య. రాత్రి ఒంటిగంటకి గ్రూప్ ఉండదు, మీరూ ఉండరు. పాతకాపు అన్నా, ఆ టైమ్‌లో ఎవరినైనా లేపాలంటే నాకు సిగ్గు. అప్పుడు ఫోన్ తీసి డైరీ రాస్తాను. ఎన్ని గంటలకి, ఎక్కడున్నాను, అంతకుముందు ఏం జరిగింది, కోరిక సున్నా నుంచి పది దాకా ఎంత. రాశాక యాప్‌లో "అల" అనే పాఠం పెట్టుకుంటాను. కోరికతో కొట్లాడకుండా అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనిస్తూ కూర్చోవడం. లేస్తుంది, పైకెళ్తుంది, విరుగుతుంది. సాధారణంగా అరగంటలోపే తగ్గుతుందని పాఠంలో చెప్పారు. నాకూ అలాగే తగ్గుతోంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. కొన్ని వారాల డైరీ ఒకేచోట చూస్తే, నాకు ఎక్కువగా లాగేది దిగులుగా ఉన్న రోజుల్లో కాదని తెలిసింది. నేను ఇన్నాళ్ళూ దిగులు వల్లే తాగుతున్నానని అందరికీ చెప్పాను. డైరీలో చూస్తే మా అన్నయ్య ఫోన్ చేసిన రోజులే. మధ్యాహ్నం తిండి మానేసిన రోజైతే ఇంకా ఎక్కువ.

అది గ్రూప్‌లో చదివాను. పెద్దాయన ఒకరు, ఎక్కువ మాట్లాడరు, "మీ అన్నయ్య అడిగినదానికి నువ్వు ఏం చెప్పావు?" అన్నారు. ఏం చెప్పానో గుర్తు తెచ్చుకుంటే, ప్రతిసారీ సరే అన్నాను. అప్పు తీర్చే బాధ్యత నాది కాకపోయినా సరే అన్నాను. ఫోన్ పెట్టాక ఒళ్ళంతా మండేది. డైరీలో ఆ గడి లేదు. "ఏం జరిగింది" అని ఉంది గానీ "నువ్వేం మింగేశావు" అని లేదు.

ఆరోజు సెషన్‌లో ఆ పెద్దాయనే అన్నయ్యగా కూర్చుని మాట్లాడారు. "నా వల్ల కాదన్నయ్యా" అని గొంతు పెగిలేదాకా చెప్పించారు. యాప్‌లో "కాదని చెప్పడం" మీద పాఠం ఉంది, చూశాను కూడా. కానీ మనిషి ముందు నోరు తెరిచి అనడం వేరు.

పాతకాపు

తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివాక కాసేపు ఆలోచనలో పడ్డాను. ఆ డైరీ లేకపోతే ఆ పెద్దాయనకి అడగడానికి ఏమీ దొరికేది కాదు. అది ఒప్పుకుంటున్నాను. రాత్రి ఒంటిగంటకి లేపడానికి సిగ్గన్నావు, అది మాత్రం నాకు నచ్చలేదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

చిన్నక్క

నేను భార్యని. మా ఆయన గ్రూప్‌కి వెళ్తున్నారు, ఇలాంటి ప్రోగ్రామే ఫోన్‌లో ఉంది. ఎప్పుడూ లాక్ వేసి ఉంచుతారు. ఆ డైరీలో ఏముందో చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. పది అని రాసుకున్న రోజు నాకు తెలిస్తే ఇంట్లో ఉండమని అంటాను కదా. పిల్లల్ని పెట్టుకుని నేనూ టెన్షన్‌తో బతుకుతున్నాను. నేను చూడటం తప్పా?

బుధవారం గ్రూప్

చిన్నక్క గారూ, మీ భయం నాకు అర్థమవుతోంది. అయినా ఆ డైరీ ఆయనదే. మీరు చదువుతారని తెలిస్తే ఎనిమిది ఉన్నచోట రెండు వేస్తారు. అప్పుడు అది మీకూ పనికిరాదు, ఆయనకీ పనికిరాదు.

దాని బదులు ఒకటి చెయ్యండి. ప్లాన్‌లో "ఇంట్లోవాళ్ళకి కనిపించే గుర్తులు" అని ఒక భాగం రాసుకోమని ఆయన్ని అడగండి. భోజనం దగ్గర మాట్లాడకపోవడం, ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళడం, ఏవైనా సరే, ఆయనే చెప్పాలి. ఆ గుర్తు కనిపిస్తే మీరేం అనాలో, ఏం అనకూడదో కూడా ఆయన నోటితోనే చెప్పించండి. ఆ ఒక్క పేజీ ఇద్దరిదీ. మిగతాది ఆయన సొంతం.

పాతకాపు

అమ్మా, మీరు కాపలా కాయొద్దు. మా ఆవిడ ఏళ్ళ తరబడి కాపలా కాసి తన ఆరోగ్యం పాడుచేసుకుంది. కుటుంబాల కోసం వేరే గ్రూపులుంటాయి, మీరు అక్కడికి వెళ్ళండి. ఆయన మానినా మానకపోయినా మీకు ఆ కుర్చీ అవసరం.

ముక్కలు మానేశా

నాది జూదం. అందరూ ఫోన్ గురించి చెబుతున్నారు కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. నాకు ఫోనే సారా దుకాణం. పాఠం చూద్దామని తెరిస్తే పక్కనే పాత రమ్మీ యాప్ ప్రకటన. వేలు దానంతటదే వెళ్తుంది. మా కౌన్సెలర్ నాకు ప్రోగ్రామ్‌ని ఫోన్‌లో పెట్టనివ్వలేదు. సెంటర్‌లో కంప్యూటర్ దగ్గర కూర్చుని చేస్తాను, డైరీ కాగితం మీద రాస్తాను. ఫోన్‌లో జూదం సైట్లు బ్లాక్ చేశారు, బ్యాంకు ఖాతా మా చెల్లెలి చేతిలో ఉంది. ఇవన్నీ అయ్యాకే పాఠాలు.

ఇంకోటి. పాయింట్లు, బ్యాడ్జీలు, ఇన్ని రోజులు వరసగా తెరిచారంటూ చప్పట్లు, ఇవి పెట్టేవాళ్ళు మాలాంటివాళ్ళని ఒకసారి తలుచుకోండి. నన్ను ముంచిందే ఆ చప్పట్లు. జారిన రోజున ఆ లెక్క సున్నాకి పడిపోతుంది. సున్నా చూడగానే "పోయిందిగా, ఇంకేముంది" అనిపిస్తుంది. ఆ ఒక్క ఆట కన్నా, దాని తర్వాత ఆ సున్నా చూసి ఆడిన ఆటలే నన్ను ఎక్కువ తిన్నాయి.

వార్డు డాక్టర్

మీరు చెప్పినదాన్ని అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త వివరంగా రాశారు. ఒకసారి జారడం, పూర్తిగా పాతదారి పట్టడం రెండూ ఒకటి కావు. మధ్యలో ఉండేది "నేనింతే" అనే తీర్మానం. దాన్ని ఆపడమే చికిత్సలో పెద్ద పని. రోజుల లెక్క చూపించే ప్రోగ్రామ్ అయితే, మొత్తంలో మత్తు లేకుండా గడిచిన రోజులు కూడా చూపించాలి. ఒక రోజు జారితే అంతకుముందు గడిచిన రోజులు చెరిగిపోవు కదా. ఆ మార్పు చెయ్యలేకపోతే లెక్క కనబడకుండా పెట్టుకోవడం మేలు.

కీబోర్డు

నేను ఆరోగ్య యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. చాలామంది తెరవడం మానేస్తారన్న మేడమ్ మాట మాకూ రోజూ కనిపించేదే. నాకు తెలిసిన కారణాలు: పాఠాలు పొడవుగా ఉండటం, అందరికీ ఒకే వరసలో ఉండటం, నిన్న రాత్రి నిద్రపట్టక తిప్పలు పడ్డవాడికి ఈరోజు "లక్ష్యాలు పెట్టుకోవడం" అనే పాఠం రావడం. మనిషికి ఈరోజు ఏది కావాలో అది రెండు తాకుల్లో దొరకాలి. గుర్తుచేసే మెసేజ్‌లో మద్యం, చికిత్స అనే మాటలు లాక్ స్క్రీన్ మీద కనబడకూడదు. ఆఫీసులో బల్ల మీద ఫోన్ వెలిగితే చాలు, పరువు పోయిందని తీసేస్తారు.

ఇక సమాచారం ఎక్కడికి వెళ్తోందన్నది. 2024లో మాన్యుమెంట్ అనే మద్యం చికిత్స సంస్థ మీద వినియోగదారుల హక్కులు చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. రహస్యంగా ఉంచుతామని చెప్పి, వాడకందారుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కంపెనీలతో పంచుకుందన్నది ఆరోపణ. గ్రూప్‌లో చెప్పింది గది దాటకూడదని మనం ప్రమాణం చేస్తాం. ఫోన్‌లో రాసింది ఎవరి సర్వర్లోకి వెళ్తుందో అడగం. అడగండి. పేరు, ఫోన్ నంబర్ లేకుండా వాడొచ్చా, రాసింది పూర్తిగా తుడిచెయ్యొచ్చా, ప్రకటనల కోసం ఎవరికైనా ఇస్తున్నారా.

డాక్టర్ గారు చెప్పిన 507 మంది పరిశోధన ఉంది కదా, దాని ఆధారంగా రీసెట్ అనే యాప్ తయారైంది. కౌన్సెలింగ్‌తో పాటు వాడాలని చెబుతూ 2017లో మందుల్ని, వైద్య పరికరాల్ని పర్యవేక్షించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. దాన్ని అమ్మిన పేర్ థెరప్యూటిక్స్ కంపెనీ 2023లో దివాలా తీసింది. అనుమతి, పరిశోధన అన్నీ ఉన్న కంపెనీయే అలా అయింది. అందుకే నేను అందరికీ గట్టిగా చెప్పేది: ప్రమాదం వేళ వాడే ప్లాన్‌ని కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి. కంపెనీ మూతపడినా, ఛార్జింగ్ అయిపోయినా అది ఉంటుంది.

కుర్చీలు వేసేవాడిని (గ్రూప్ సహాయకుడు)

మేడమ్, మీరడిగిన ప్రశ్నకి నేరుగా వస్తాను. మా గ్రూప్‌లో ఈ రెండూ కలిపి నడుపుతున్నాం. అనుభవం మీద కుదిరిన పద్ధతి చెబుతాను.

అందరూ ఒకే వారం ఒకే నైపుణ్యం మీద ఉంటారు. ఆ వారం "తాగమని బలవంతం చేస్తే" అనే పాఠం అయితే గ్రూప్ కూడా దాని మీదే. ఇది ఒక్కటి చేసేసరికే సగం తేడా వచ్చింది. అంతకుముందు ఒకడు మూడో పాఠంలో, ఒకడు తొమ్మిదిలో ఉండేవాళ్ళు, ఒకరి మాట ఇంకొకరికి అందేది కాదు.

పాఠంలోని మొదటి అభ్యాసం సెషన్ చివర్లో అక్కడే కూర్చుని చేస్తాం. ఫోన్ తెరవడం, పాస్‌వర్డ్ మర్చిపోవడం, ఎక్కడ రాయాలో తెలియకపోవడం, ఈ తలనొప్పులన్నీ అక్కడే తీరిపోతాయి. ఇంటికెళ్ళి మొదలుపెట్టమంటే మొదలుపెట్టరు, మొదలైనదాన్ని కొనసాగించమంటే చేస్తారు. తర్వాత ఫోన్లన్నీ బ్యాగుల్లోకి వెళ్ళిపోతాయి.

సెషన్ మొదట్లో "చేశారా?" అని అడగం. అలా అడిగితే బడిలో హోంవర్క్ చూసినట్టు ఉంటుంది, చెయ్యనివాడు మరుసటి వారం రాడు. "ఈ వారం ఎక్కడ గట్టిగా లాగింది?" అని అడుగుతాం. రాసుకున్నవాళ్ళు తమకి ఇష్టమైన ఒక్క ఎంట్రీ చదువుతారు. రాసుకోనివాళ్ళతో అప్పటికప్పుడు నోటితో అదే చేయిస్తాం: ఏ టైమ్, ఎవరున్నారు, మనసులో ఏ మాట తిరిగింది, ఏం చేశారు, తర్వాత ఏమైంది. డైరీ ఎందుకో అలా తెలుస్తుంది. జారినవాళ్ళతోనూ ఇదే, గొంతు పెంచకుండా, ఆ రోజుని గంట గంటగా వెనక్కి నడిపిస్తాం. ఎక్కడ పక్కకి తిరగడానికి వీలుండేదో మిగతావాళ్ళే పట్టుకుంటారు. ఆ పని ఏ ప్రోగ్రామూ అంత బాగా చెయ్యడం నేను చూడలేదు.

ఎవరు ఎంత చేశారో చూపించే పట్టిక గోడ మీద వెయ్యం. ఒకరి డైరీ ఇంకొకరు చదవరు. స్క్రీన్‌షాట్లు తియ్యకూడదు, గ్రూప్ విషయాలు మెసేజ్‌లలో పెట్టకూడదు.

చివరిగా, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. డైరీలో రాసింది ఎవరూ అదే నిమిషంలో చూడటం లేదని మొదటి రోజే స్పష్టంగా చెప్పండి. "పది" అని రాస్తే కౌన్సెలర్ ఫోన్ చేస్తుందని అనుకునేవాళ్ళుంటారు. చచ్చిపోవాలనిపిస్తోందని అందులో రాసి ఎదురుచూసేవాళ్ళు కూడా ఉండొచ్చు. అలాంటప్పుడు రాయడం కాదు, మనిషికి ఫోన్ చెయ్యాలి, అత్యవసర సేవకి చెయ్యాలి. ఆ నంబర్లు డైరీ పేజీ మీదే ఉండాలి.

వార్డు డాక్టర్

ఈ చివరి పేరా మా వార్డులో గోడకి అంటించాలి. నిజంగానే అంటిస్తాను.

పాతకాపు

ఇప్పుడు నేను తర్వాత రాస్తానన్న సంగతి. ఈ యాప్‌లలో సాయం అడిగే బటన్ ఉంటుందంటున్నారు కదా. ఎ-చెస్‌లో కూడా ఉండేదని విన్నాను.

ఉంది, బాగుంది. కానీ ఆ బటన్ వెనక ఎవరి నంబరుంది? తాగకుండా ఉన్నప్పుడు రాసుకున్న నంబర్లు అవి. వాళ్ళని అడిగి రాశారా? రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంటారా? మా దగ్గర కొత్తవాడికి నంబర్ ఇస్తే, అదే రోజు నా ముందే చేయిస్తాను. మేడమ్, మీ గ్రూప్‌లో కూడా చెయ్యండి. అందరూ బటన్ నొక్కాలి, అవతల ఫోన్ మోగాలి, ఎత్తినవాళ్ళతో రెండు మాటలు మాట్లాడాలి. ఎవరి ఫోన్ మోగలేదో అక్కడే తెలిసిపోతుంది.

నిద్రపట్టనోడా, ఏమీ లేని రోజున చెయ్యి. "ఊరికే చేశానన్నా" అను. అలా నాలుగుసార్లు అలవాటైతే ఒంటిగంటకి చెయ్యడానికి అంత సిగ్గుండదు. లేపినందుకు కోప్పడేవాడు ఆ నంబర్ ఇవ్వడు.

నిద్రపట్టనోడు

సరే అన్నా. గ్రూప్‌లో ఆ పెద్దాయన్నే అడుగుతాను. రోజూ సాయంత్రం ఆయనకి ఒక ఫోన్, డైరీలో ఆరోజుది ఒక లైన్ చదివి పెట్టేస్తాను.

చిన్నక్క

మేడమ్ చెప్పినట్టు గుర్తుల పేజీ సంగతి మా ఆయన్ని అడిగాను. వెంటనే ఒప్పుకోలేదు. ముందు గ్రూప్‌లో మాట్లాడి తర్వాత రాస్తానన్నారు. నేను డైరీ అడగనని మాటిచ్చాను. కుటుంబాల గ్రూప్ ఎక్కడుందో కనుక్కుంటున్నాను.

బుధవారం గ్రూప్

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం నుంచి రెండు మొదలుపెడుతున్నాను: అందరికీ ఒకే పాఠం, సెషన్‌లోనే బటన్ పరీక్ష. ప్లాన్ కాగితాలు కూడా ప్రింట్ తీసి ఇస్తాను. జూదం సమస్య ఉన్నవాళ్ళు మా గ్రూప్‌లో ఇద్దరున్నారు, వాళ్ళతో ఫోన్ సంగతి విడిగా మాట్లాడతాను.

ఇంకొక్క సందేహం. మా గ్రూప్‌లో చదవడం, రాయడం సరిగా రానివాళ్ళున్నారు. వీడియోలు చూస్తారు, డైరీ దగ్గర ఆగిపోతారు. అందరి ముందు ఆ మాట చెప్పలేక "టైమ్ లేదు" అంటారు.

కీబోర్డు

డైరీలో గొంతు రికార్డు చేసే వీలుందేమో చూడండి. లేకపోతే ఫోన్‌లో ఉండే మామూలు రికార్డర్ చాలు, ఇంటర్నెట్ అక్కర్లేదు. కోరిక ఎంతుందో చెప్పడానికి అంకెల బదులు నిండుతున్న గ్లాసు లాంటి బొమ్మ మాత్రం పెట్టొద్దు. ఒకచోట అలా పెట్టడం చూశాను, తాగేవాళ్ళకి అదే ట్రిగ్గర్. రంగులు వాడండి.

కుర్చీలు వేసేవాడిని

మేము జంటలుగా వేస్తాం. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు, తర్వాత మారతారు. అందరూ అలాగే చేస్తారు కాబట్టి ఎవరికి రాయడం వచ్చో ఎవరికి రాదో బయటపడదు. మొదటి సెషన్‌కి ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి జంటలు కుదర్చండి.